ఘంటసాల నుంచి సముద్రం ఎంత దూరం?

కృష్ణా డెల్టాలో రాయి పుట్టదు. విజయవాడ దగ్గర ఇంద్రకీలాద్రినీ, అవతలి గట్టున సీతానగరం కొండనూ దాటాక కృష్ణ సముద్రంలో కలిసేదాకా తాను మోసుకొచ్చిన మట్టిలోనే పారుతుంది. ఆ నేలలో ఎంత తవ్వినా ఒండ్రు, బంక, ఇసుకే. అలాంటి చోట, విజయవాడకు సుమారు అరవై కిలోమీటర్ల దూరంలో వరిచేల మధ్య ఉన్న ఘంటసాలలో, పదిహేడు పద్దెనిమిది వందల ఏళ్ళ కిందటి సున్నపురాతి స్తంభాలూ చెక్కిన పలకలూ బయటపడ్డాయి. అది పలనాటి రాయి. అమరావతి శిల్పులు చెక్కిందీ, భట్టిప్రోలులో వాడిందీ అదే. కాలు పెడితే దిగబడే నేల మీద అంత బరువు బండ్లతో ఈడ్చుకు రాలేరు. పడవలో పెట్టి ఏటివాలున దించుకుని ఉండాలి. ఆ ఊళ్ళోనే జలధీశ్వరుడి గుడి ఉంది. జలధి అంటే సముద్రం. ఇవాళ ఆ గుడి గడప నుంచి సముద్రం చూడాలంటే ఇరవై కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేయాలి.

ఈ రెండు సంగతులనూ మనం వేరువేరు గదుల్లో పెట్టి చూస్తాం. రాళ్ళూ శాసనాలూ పురావస్తు శాఖవి, నదీ మట్టీ నీటిపారుదల వాళ్ళవి, మడ అడవి అటవీశాఖది. ఒక ఊరి వారసత్వం అంటే కంచె లోపలి కట్టడమనీ, ఆ ఊరి ప్రకృతి అంటే కంచె బయటి పచ్చదనమనీ స్థిరపడిపోయింది. ఘంటసాల విషయంలో ఈ విభజన తప్పని నా వాదన. అక్కడ స్తూపం ఎంత చారిత్రక ఆధారమో, ఊరికీ సముద్రానికీ మధ్యనున్న నేల కూడా అంత ఆధారం. ఆ నేలను చదవకుండా స్తూపం అర్థం కాదు. పైగా ఆ నేల ఇప్పుడు రెండు వైపుల నుంచీ తరిగిపోతోంది.

ముందు రాతి సాక్ష్యం చూద్దాం. ఘంటసాలలో దొరికిన ప్రాకృత శాసనాల్లో ఊరి పేరు కంటకసెల. సెల అంటే శైలం. నాగార్జునకొండలో ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి కాలంలో బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనంలో ఆమె చేసిన దానాల పట్టిక ఉంది. కంటకసెల మహాచైత్యపు తూర్పు వాకిట కట్టించిన రాతి మండపం వాటిలో ఒకటి. ఘంటసాల శాసనాల్లోనే శివకుడు అనే మహానావికుడి ప్రస్తావన ఉంది. మహానావికుడంటే కాలువలో బల్లకట్టు నడిపేవాడు కాడు, పెద్ద ఓడల యజమానో నాయకుడో అయి ఉండాలి. క్రీస్తుశకం 150 ప్రాంతంలో అలెగ్జాండ్రియాలో కూర్చుని భూగోళం రాసిన టాలెమీ, మైసోలియా తీరంలో కంటకోసిల అనే వర్తక రేవును పేర్కొన్నాడు. స్వర్ణభూమికి పోయే ఓడలు తీరం వదిలే చోటు కూడా ఈ వరసలోనే చెప్పాడు. అంతకు కొంచెం ముందు రాసిన ఎరిథ్రియన్ సముద్ర యాత్రా గ్రంథం ఇదే ప్రాంతాన్ని మసాలియా అని పిలిచి, సన్నని నూలు బట్టలు ఇక్కడ విరివిగా నేస్తారని చెప్పింది. గ్రీకు నావికుల చెవినపడిన పేరూ, ఊళ్ళో రాతి మీద చెక్కిన పేరూ, ఎగువన నాగార్జునకొండలో చెక్కిన పేరూ ఇలా ఒక్కటిగా కలవడం మన ప్రాచీన చరిత్రలో అరుదు.

స్తూపం సంగతికొస్తే, 1890లలో అలెగ్జాండర్ రే భట్టిప్రోలు, గుడివాడ దిబ్బలతో పాటు దీన్నీ తవ్వి, 1894లో ఆ వివరాలు అచ్చు వేశాడు. నడిమధ్య చదరపు ఇటుక దిమ్మె, దాని చుట్టూ గుండ్రటి గోడలు, లోపలి నుంచి బయటికి బండిచక్రం ఆకుల్లా సాగే అడ్డుగోడలు. ఆ గోడల మధ్య గళ్ళలో మట్టి కూరారు. బౌద్ధుల ధర్మచక్రాన్ని దృష్టిలో పెట్టుకుని ఈ నిర్మాణాన్ని వర్ణించడం వాడుక. అది సరైనదే కావచ్చు, కానీ నాకు అందులో డెల్టా మేస్త్రీ తెలివి కూడా కనిపిస్తుంది. రాయి దొరకని చోట, మెత్తటి నేల మీద, అంత పెద్ద గుమ్మటం మొత్తం ఇటుకతో నింపితే ఖర్చుకు ఖర్చు, బరువుకు బరువు. గోడలతో చట్రం కట్టి, నడుమ మట్టి నింపితే ఇటుక తగ్గుతుంది, ఆకారం నిలుస్తుంది. ఇటుకలకూ, నింపుడుకూ కృష్ణ తెచ్చిన మట్టే చాలింది. నలుగురికీ కనిపించే పైతొడుగు పలకలకు మాత్రమే పలనాటి రాయి తెచ్చారు. అలా వచ్చిన శిల్పాల్లో కొన్ని ఇప్పుడు పారిస్‌లోని గిమే మ్యూజియంలో ఉన్నాయి.

ఇక మట్టి సాక్ష్యం. మహాబలేశ్వరంలో పుట్టిన కృష్ణ దాదాపు 1,400 కిలోమీటర్లు పారుతుంది. పైభాగంలో అది కోసుకొచ్చేది దక్కను బసాల్టును. ఆ రాయి చివికితే నల్లటి, అతి సన్నని బంకమట్టి అవుతుంది. గ్రానైటు నేలల మీదుగా వచ్చే తుంగభద్ర లాంటి ఉపనదులు ముతక ఇసుకను కలుపుతాయి. మొగ దగ్గర నది సముద్రాన్ని తాకగానే వడి తగ్గుతుంది. బరువైన ఇసుక అక్కడికక్కడే మేట వేస్తుంది. బంకమట్టి కథ వేరు. దాని రేణువుల మీద ఋణ విద్యుదావేశం ఉంటుంది కాబట్టి మంచినీళ్ళలో ఒకదాన్నొకటి నెట్టుకుంటూ రోజుల తరబడి తేలుతూనే ఉంటాయి. ఉప్పునీళ్ళలో సోడియం, మెగ్నీషియం అయాన్లు ఆ ఆవేశాన్ని కప్పేస్తాయి. అప్పుడు రేణువులు ఒకదాన్నొకటి అంటుకుని, గుంపుకట్టి, బరువెక్కి అడుగుకు దిగుతాయి. కాలువ నీళ్ళ బిందెలో పటిక తిప్పినా, చిల్లగింజ అరగదీసి కలిపినా కాసేపటికి పైన తేట, అడుగున బురద మిగలడం డెల్టా ఇళ్ళలో తెలిసిన పనే. మొగ దగ్గర సముద్రం అదే పని చేస్తుంది, కాకపోతే వేల ఏళ్ళపాటు, వందల చదరపు కిలోమీటర్ల మేర.

ఇలా చేరిన ఇసుకను అలలు ఊరుకోనివ్వవు. ఈ తీరంలో పోటుపాట్ల తేడా మీటరున్నర లోపే, అందుచేత పైచేయి అలలదే. అవి ఇసుకను తిరిగి ఒడ్డుకు నెట్టి, తీరానికి సమాంతరంగా పొడుగాటి దిబ్బగా పేరుస్తాయి. నది మరింత మట్టి తెస్తుంది, ఆ దిబ్బకు ముందు కొత్త పల్లం ఏర్పడుతుంది, దానికి ముందు మరో దిబ్బ. పాత దిబ్బ లోతట్టున ఉండిపోతుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన కె. నాగేశ్వరరావు, ఆర్. వైద్యనాథన్ 1970ల చివర్లోనే కృష్ణా డెల్టా ముఖంలోని ఈ పాత తీరరేఖలను గుర్తించి వివరించారు. ఉపగ్రహ చిత్రాల్లో అవి లేత, ముదురు చారల్లా వంపు తిరిగి కనిపిస్తాయి. నేల మీద వాటిని గుర్తుపట్టడానికి చిత్రం కూడా అక్కర్లేదు. దిబ్బ మీద తాడి, సరుగుడు, ఇళ్ళు. పల్లంలో వరి, లేదంటే చౌడు. దిబ్బ ఇసుకలో చెలమ తీస్తే తియ్యటి నీళ్ళు. పక్కనే పది బారల దూరంలో పల్లంలో తీస్తే ఉప్పు. వాననీరు ఇసుకలోకి ఇంకి, బరువైన ఉప్పునీటి మీద పొరలా తేలుతూ నిలవడమే దీనికి కారణం. తీరంలో ఊళ్ళు వరసకట్టి ఎందుకున్నాయో ఈ ఒక్క సంగతి చెబుతుంది.

డెల్టా దిగువన చెరువు తవ్విన చోట కొత్తగా కోసిన గట్టును ఒకసారి దగ్గరగా చూడాలి. పైన అర మీటరు దాకా వేళ్ళు అల్లుకున్న గోధుమరంగు ఒండ్రు. అది వరదలు పొర్లినప్పుడు పరిచిన దుప్పటి. దాని కింద గొడ్డలి పెట్టినా అంటుకునే నల్ల బంక, మధ్యమధ్య కుళ్ళిన మడ ఆకుల చారలు. ఇంకా కిందికి పోతే బూడిదరంగు ఇసుక. అందులో గవ్వలు, ఆల్చిప్పల ముక్కలు, కొన్ని చోట్ల గుల్లసున్నానికి ఏరుకునేంత దట్టంగా. కింద నుంచి పైకి చదివితే అది సముద్రం, మడ అడవి, వరద మైదానం అనే క్రమం. నీళ్ళు వెనక్కి పోయి నేల ముందుకు రావడం మూడు పొరల్లో అక్కడ రాసి ఉంది. గవ్వలోని కర్బనాన్ని పరీక్షిస్తే ఆ జీవి ఎప్పటిదో తెలుస్తుంది. ఇసుకరేణువు చివరిసారి ఎండ చూసి ఎన్నేళ్ళయిందో చెప్పే పరీక్ష కూడా ఇప్పుడు ఉంది. శాసనానికి లిపిని బట్టి కాలం కట్టినట్టే, దిబ్బకూ కాలం కట్టవచ్చు.

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది. రేవు అన్నంత మాత్రాన సముద్రపు ఒడ్డునే ఉండాలా? ఓడలు ఏటి పాయలో ఎగువకు వచ్చి ఉండొచ్చు కదా? నిజమే. గంగా ముఖం నుంచి ఎంతో లోపలున్న కలకత్తా మనకు తెలిసిన రేవే. పైగా టాలెమీ ఇచ్చిన అక్షాంశ రేఖాంశాలు నమ్మి పటం గీస్తే భారత ద్వీపకల్పమే అణగారిపోతుంది, అతని అంకెలతో తీరం ఎక్కడుందో తేల్చలేం. ఒక లెక్క వేసి చూద్దాం. టాలెమీ నాడు సముద్రం ఘంటసాల పక్కనే ఉందనుకుంటే, అప్పటి నుంచి ఇప్పటిదాకా ఇరవై కిలోమీటర్లు జరగాలంటే ఏడాదికి సుమారు పది మీటర్లు నేల పెరగాలి. నదీముఖం దగ్గర కొంతకాలం అంత వేగం సాధ్యమేగానీ, రెండు వేల ఏళ్ళపాటు ఎడతెగకుండా అంటే ఎక్కువే. కాబట్టి కంటకసెల ఇసుకతిన్నె మీది రేవు కాక, సముద్రానికి కొన్ని కిలోమీటర్ల ఎగువన, పోటు నీళ్ళు ఎక్కివచ్చే ఒక పాయ మీదో ఉప్పుటేటి మీదో ఉన్న రేవు అయి ఉండటమే సబబుగా తోస్తుంది. ఈ సవరణ నా వాదనను బలహీనపరచదు. పాయ మీది రేవు నది మీద మరింత ఆధారపడుతుంది. సముద్రం దూరమైనా, పాయ పూడిపోయినా, నది దారి మార్చినా అది పోతుంది. డెల్టా నిండా అలా ఎండిన పాయల జాడలున్నాయి.

సముద్రమట్టం తగ్గడమే కారణం కాదా అని అడిగేవారూ ఉన్నారు. మంచుయుగం ముగిశాక పెరుగుతూ వచ్చిన సముద్రం సుమారు ఆరేడు వేల ఏళ్ళ కిందట నెమ్మదించింది. ఆ తర్వాత వచ్చిన స్వల్ప మార్పులు ఇరవై కిలోమీటర్ల నేలను బయటపెట్టేంతవి కావు. ప్రపంచంలోని పెద్ద డెల్టాలు చాలావరకు ఆ నెమ్మదించిన తర్వాత పెరిగినవే. ఇటలీలో ఏడ్రియాటిక్ సముద్రానికి పేరిచ్చిన ఆద్రియా అనే పట్టణం, పో నది మేటల వల్ల, ఇవాళ తన పేరు మోసే సముద్రానికి ఇరవై కిలోమీటర్ల పైచిలుకు లోపల ఉంది. మన జలధీశ్వరుడికి అక్కడొక తోడు దొరికినట్టే.

చరిత్రకారుల అభ్యంతరం ఇంకొంచెం బరువైంది. రేవు చచ్చిపోయింది మట్టి వల్ల కాదు, వర్తకం వల్ల. మూడో శతాబ్దం తర్వాత రోము వ్యాపారం సన్నగిల్లింది, ఇక్ష్వాకులు పోయారు, దానాలిచ్చే చేతులు లేకుండా పోయాయి అంటారు. దీన్ని ఒప్పుకోక తప్పదు. కానీ వర్తకం మళ్ళీ లేచింది కదా. పదమూడో శతాబ్దంలో కాకతీయ గణపతిదేవుడు నావికులకు అభయమిస్తూ శాసనం వేయించింది మోటుపల్లిలో. పదిహేడో శతాబ్దంలో డచ్చివాళ్ళూ ఇంగ్లీషువాళ్ళూ కోఠీలు పెట్టింది మచిలీపట్నంలో. సరుకు అదే నూలు బట్ట, వెనకనున్న పల్లెలూ అవే, ఓడ ఎక్కే చోటు మాత్రం కంటకసెల కాలేదు. వ్యాపారం ఎప్పుడు ఆగాలో రాజకీయాలు నిర్ణయించి ఉండొచ్చు. తిరిగి వచ్చినప్పుడు ఎక్కడ దిగాలో నిర్ణయించింది తీరమే. దివిసీమలో అవనిగడ్డ, పులిగడ్డ, నాగాయలంక, పాలకాయతిప్ప అని గడ్డలూ లంకలూ తిప్పలూ పేర్లలో మిగిలిపోవడం కూడా ఈ కథకు కలుస్తుంది. అయితే పేర్లు వలసపోతాయి కనుక వాటిమీద ఎక్కువ బరువు పెట్టను.

ఇంతదాకా చెప్పింది నది కట్టిన నేల గురించి. ఇప్పుడు ఆ కట్టుబడి ఆగిపోయింది. నాగేశ్వరరావు బృందం 2010లో ప్రచురించిన పరిశోధన ప్రకారం 1950లలో ఏడాదికి సగటున 61.88 ఘన కిలోమీటర్లున్న కృష్ణ నీటి ప్రవాహం 2000-08 మధ్య 11.82కు పడిపోయింది. మనకు అలవాటైన కొలతలో సుమారు 2,180 టీఎంసీల నుంచి 420కి. నీటితో వచ్చే ఒండ్రు 1960ల చివర్లో ఏడాదికి 90 లక్షల టన్నులు, 2000 తర్వాత 4 లక్షల టన్నులు. ఆ తొలి ఏళ్ళలో కరువు కూడా తోడైన మాట నిజమే, తర్వాత పెద్ద వరదలు వచ్చిన మాటా నిజమే. అయితే వరద నీరు గేట్లు దాటి వచ్చినంత సులువుగా మట్టి రాదు. అది ఎక్కడుందో మనకు తెలుసు. శ్రీశైలం జలాశయం కట్టినప్పటి సామర్థ్యం 308 టీఎంసీలు, పూడిక వల్ల ఇప్పుడు లెక్కలో 215. నాగార్జునసాగర్ 408 నుంచి 312కు వచ్చింది. రెండింటిలో పోయింది కలిపితే 189 టీఎంసీలు. అంత పూడికను సుమారు 4,700 చదరపు కిలోమీటర్ల కృష్ణా డెల్టా అంతటా సమంగా పరిస్తే మీటరుకు పైగా మందం వస్తుంది. నిజానికి అందులో చాలా భాగం సముద్రంలోకే పోయి ఉండేది. కానీ తీరాన్ని నిలబెట్టేదే సముద్రంలోకి పోయే ఆ భాగం. గోదావరి, కృష్ణ డెల్టాల 336 కిలోమీటర్ల తీరం 1965, 2008 మధ్య నికరంగా 76 చదరపు కిలోమీటర్ల నేలను కోల్పోయిందని అదే పరిశోధన తేల్చింది.

అందుకని ఆనకట్టలను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. 1832-33 నాటి నందన కరువులో గుంటూరు సీమలో జనం ఎలా రాలిపోయారో తెలిసినవాళ్ళెవరూ 1855 నాటికి బెజవాడలో లేచిన ఆనకట్టను, 1957 నాటి ప్రకాశం బ్యారేజీని, సాగర్‌ను వద్దనరు. ఘంటసాల చేలలో ఇవాళ పండే వరి ఆ నీళ్ళదే. కానీ నీళ్ళ పంపకానికి ట్రైబ్యునళ్ళున్నాయి, టీఎంసీ లెక్క ప్రతి రైతు నోటా వినిపిస్తుంది. మట్టికి లెక్క లేదు. డెల్టా ఒండ్రు తన బరువుకు తానే అణగుతుంది, ఏటా కొత్త పొర పడితేనే ఎత్తు నిలుస్తుంది. అది పడకపోతే సముద్రం పెరగకపోయినా నేల దిగుతుంది, ఉప్పునీరు ఎగబాకుతుంది. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ఎలా ముంచిందో గుర్తున్నవారికి నేల ఎత్తులో ఒక అడుగు అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. మొగల దగ్గర 1989లో అభయారణ్యంగా ప్రకటించిన మడ అడవికీ, అందులో చేపలు పట్టుకు బతికే బావురుపిల్లికీ ఆధారం ఆ ఒండ్రే.

సముద్రం కోసేది కొత్త దిబ్బలను. పాతవాటిని మనం తవ్వుకుంటున్నాం, ఇసుక కోసం, రొయ్యల చెరువుల కోసం. స్తూపానికి చట్టం ఉంది. 1958 నాటి పురాతన కట్టడాల చట్టానికి 2010లో వచ్చిన సవరణతో రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం, ఆపైన 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. కానీ కంటకసెల ఎందుకు పుట్టిందో, ఎందుకు పోయిందో చెప్పే ఆధారం 300 మీటర్లలో లేదు, ఇరవై కిలోమీటర్ల పొడవునా ఉంది. మట్టి దిబ్బను వారసత్వంగా గుర్తించడం వింతేమీ కాదు. విశాఖ, భీమిలి మధ్య ఎర్రమట్టి దిబ్బలను భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. అవి చూడగానే అబ్బురపరుస్తాయి, డెల్టా దిబ్బ అలా కనిపించదు. మనిషి ఎత్తు ఇసుక, నాలుగు తాడిచెట్లు, అంతే. రైతు తన పొలంలో తవ్వకూడదా అంటే, తవ్వొచ్చు. తవ్వే ముందు ఆ గట్టు కోతను ఒకరు చూసి, పొరలు కొలిచి, గుప్పెడు గవ్వలు సంచిలో వేసుకుంటే చాలు. దానికి నిషేధం అక్కర్లేదు, గుర్తించిన తీరరేఖల పటం మండల కార్యాలయంలో ఉంటే సరిపోతుంది.

నేను చెప్పిందాన్ని తప్పని నిరూపించే దారి కూడా ఆ నేలలోనే ఉంది. ఘంటసాల నుంచి పాలకాయతిప్ప దాకా ఒక వరుసలో, ప్రతి దిబ్బ మీదా ఒకటి చొప్పున, గొట్టాలు దింపి మట్టి కడ్డీలు తీయాలి. గవ్వలున్న పొర ఎంత లోతులో ఉందో, ఎంత పాతదో చూడాలి. ఘంటసాలకు తూర్పున తగిలే మొదటి దిబ్బే మూడు నాలుగు వేల ఏళ్ళ నాటిదని తేలితే, శివకుడి నాటికే సముద్రం చాలా దూరంలో ఉన్నట్టు. అప్పుడు కంటకసెల పూర్తిగా ఏటి రేవు, నేను వెతకాల్సింది తీరాన్ని కాదు, పూడిపోయిన పాయను. రెండు వేల ఏళ్ళ లోపుదని తేలితే, మహానావికుడి ఓడకు కనిపించిన ఒడ్డు అదే.